క్షయరోగి ఇంటనుండియే నయము కాగలడా? – మదరాసులో జరిగిన ఒక పరిశోధన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆరోగ్య సూత్రములు మీకు తెలియనివి కావు. నీరు కాచి త్రాగుడు, చేతులు శుభ్రముగా కడుగుకొనుడు అని నేను చెప్పినచో మీరు మర్యాదకు తలలూపుదురు. నేను వేదిక దిగకమునుపే మరచిపోవుదురు. అందుచేత సూత్రముల జోలికి పోక ఒక పరిశోధనను గూర్చి చెప్పదలచితిని. అది ఏ దూరదేశమునందో జరిగినది కాదు. మన పొరుగుననున్న మదరాసు నగరములో 1956లో ప్రారంభమైనది. 1959లో దాని ఫలితములు ప్రకటింపబడినవి. ఆ ఫలితముల వలన క్షయరోగ చికిత్స ప్రపంచమంతటను మారిపోయినది. అయినను మన గ్రామములలో దానిని గూర్చి విన్నవారు బహు అరుదు.

ముందుగా నా ఇంటి సంగతి ఒకటి చెప్పుటకు అనుమతింపుడు. 1957లో నాకు ఎనిమిదేండ్లు. ఆ సంవత్సరము మా మేనత్తకు క్షయ అని తేలినది. ఆ పేరు మా ఇంట ఎవరును పలుకలేదు. ‘ఆ జబ్బు’ అనెడివారు. పెరటిలో గొడ్లపాక ప్రక్కన ఒక చిన్న తాటాకు పాక వేసి ఆమెను అందులో ఉంచిరి. ఒక సత్తుపళ్ళెము, ఒక చెంబు, ఒక నులకమంచము. ఆమె కుమారుడు నా ఈడువాడు. పాక గుమ్మమునకు పది అడుగుల ఇవతల గీత గీసి, అంతవరకే పోవలెనని మాకు చెప్పిరి. వాడు ఆ గీతమీద నిలిచి ‘అమ్మా’ అని పిలిచెడివాడు. ఆమె లోపలినుండియే పలికెడిది. మా తాతగారు ఒక సానటోరియమునకు దరఖాస్తు పంపిరి. ప్రస్తుతము మంచము ఖాళీ లేదు, ఖాళీ అయినప్పుడు తెలియజేయుదుమని బదులు వచ్చినది. తొమ్మిది నెలల తరువాత ఒక పోస్టుకార్డు వచ్చినది. ఫలానా తేదీన రోగిని తీసికొని రావలెననియు, రెండు దుప్పట్లు, ఒక చెంబు వెంట తెచ్చుకొనవలెననియు అందులో వ్రాసియున్నది. అప్పటికి ఆమె పోయి పదునేడు దినములు.

ఆ సానటోరియమువారిని నేను నిందింపను. మంచములు నిజముగనే లేవు. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారము, నాటి హిందూదేశమున సుమారు 25 లక్షలమంది క్షయరోగులుండగా, వారికి ఏర్పరచిన మంచములు 6,000 ప్రాంతమున మాత్రమే. ఏటేట 5 లక్షలమంది ఈ రోగముచే మరణించుచుండిరని ఆ నివేదికయే అంచనా వేసినది. నాలుగువందల మందికి ఒక మంచమన్నమాట! మా అత్తకు తొమ్మిది నెలలకే పిలుపు వచ్చుట ఒకవిధముగా అదృష్టమే అనవలెను.

మరి అందరును సానటోరియముకొరకే ఏల ఎదురుచూచిరి? క్షయకు మందు లేని కాలమున వైద్యులు చేయగలిగినది తక్కువ. రోగిని మంచి గాలి తగులు కొండచోటునకు పంపి, మంచముమీద పూర్తి విశ్రాంతి నిచ్చి, పాలు, గ్రుడ్లు, మాంసము సమృద్ధిగా పెట్టి, శరీరమే రోగమును జయించునేమో అని వేచియుండుటయే చికిత్స. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము, వికారాబాదు కడ అనంతగిరి ఇట్టి ఆలోచనతో వెలసినవే. ఆరోగ్యవరమున డెన్మార్కు దేశీయులైన ఫ్రిమాట్‌మోలర్ వైద్యులు, తండ్రి తరువాత కుమారుడు, దశాబ్దములు సేవ చేసిరి. ఆ స్థలములు ఎందరినో కాపాడినవి. కాని అక్కడ చేరిన ప్రతి రోగి వెనుకను, చేరలేనివారు వందలకొలది ఇండ్లలో, పాకలలో పడియుండిరి.

తరువాత మందులు వచ్చినవి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది. అది నిజముగా పనిచేయునా అని తేల్చుటకు లండన్ మొదలగు నగరముల ఆసుపత్రులలో 1947లో ఒక పరీక్ష జరిపిరి. అప్పుడే యుద్ధము ముగిసి బ్రిటన్ దేశము డాలర్లకు కటకటపడుచుండెను. మందు అందరికిని చాలదు. కావున ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది వైద్యుని ఇష్టమునకు విడువక, ముందే చీట్లు సిద్ధపరచి కవరులలో పెట్టి అతికించిరి. ఈ ఏర్పాటు చేసినది బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంక శాస్త్రజ్ఞుడు. మొత్తము 107 మంది రోగులు. ఆరు నెలలు గడచునప్పటికి మందు పొందిన 55 మందిలో నలుగురు, మందు లేని 52 మందిలో 14 మంది మరణించిరి. మందు లేనివారికి తాము ఇట్టి పరీక్షలో ఉన్నట్లు చెప్పనే లేదు. నేటి నీతి దానిని అంగీకరింపదు; అంగీకరింపకుండుటయే మేలు.

ఆ పరీక్షలోనే ఒక చేదు నిజము కూడ బయటపడినది. కొన్ని నెలలకు ఆ మందు పెక్కుమందిలో పనిచేయుట మానినది. పత్తి రైతులకు దీనిని నేను వివరింప బనిలేదు. ఒకే పురుగుమందు మరల మరల కొట్టిన చేనిలో ఏమి జరుగునో మీరెరుగుదురు. చావక మిగిలిన పురుగు సంతతియే చేనంతయు నిండును. ఊపిరితిత్తిలోని సూక్ష్మజీవుల విషయమున కూడ అంతే. అందుచేత ఒక మందుకు తోడుగా రెండవది ఈయవలసినదని గ్రహించిరి. ఒకదానికి లొంగని జీవి రెండవదానికి లొంగును. స్వీడన్‌లో లేమన్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పాస్ అను మందు అట్లు తోడు వచ్చినది. 1952లో న్యూయార్కు నగరపు సీవ్యూ ఆసుపత్రిలో ఐసోనియాజిడ్ అను మాత్ర పరీక్షింపబడినది. మంచమునుండి లేవలేనివారు లేచి తిరిగిరి. ఆకలి లేనివారు అన్నమునకై తొందరపెట్టిరి. విచిత్రమేమనగా, ఆ పదార్థమును ప్రాగ్ నగరమున ఇద్దరు రసాయనికులు 1912లోనే తయారుచేసియుండిరి. క్షయకు అది మందగునని నలువదియేండ్లు ఎవరికిని తెలియలేదు! అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఆ మాత్ర మిక్కిలి చౌక, నోటితో మ్రింగునది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టినది. మాత్రయే రోగమును నయము చేయునది అయినచో, మంచమెందుకు? కొండగాలి యెందుకు? రోగి తన ఇంటనే ఉండి మాత్రలు మ్రింగిన చాలదా? చాలునని ఊహించుట సులభము. కాని పెద్ద వైద్యులలో పలువురు నమ్మలేదు. ఇరుకు గదిలో ఆరుగురితో కలిసి పరుండి, గంజి త్రాగి, నాలుగునాళ్ళకు ఒకసారి కూలికి పోవువానికి మాత్రలు ఏమి చేయగలవు? పైగా వాని దగ్గు వలన ఇంటిల్లిపాదికి రోగమంటుకొనదా? ఈ సందేహములు అర్థములేనివి కావు. నేను ఆనాడు వైద్యుడనై యుండినచో అట్లే సందేహించియుందును.

ఈ ప్రశ్నను ఊహకు విడువక తేల్చుటకై 1956లో మదరాసులో క్షయరోగ ఔషధ చికిత్సా కేంద్రము స్థాపింపబడినది. భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి, ఈ నలుగురును చేతులు కలిపిరి. వాలెస్ ఫాక్స్ అను ఆంగ్ల వైద్యుడు దానికి తొలి సంచాలకుడు. ఆయనతోపాటు పనిచేసిన వైద్యులు, నర్సులు, గణాంకులు, ఇల్లిల్లు తిరిగిన ఆరోగ్య సందర్శకులు అధికభాగము మన దేశీయులు. చరిత్ర పుస్తకములలో సంచాలకుని పేరు నిలుచును. మురికివాడలలో చెప్పులరిగినవారి పేర్లు నిలువవు. ఈ మాట దారిలో వచ్చినది గనుక చెప్పితిని.

పరీక్ష ఎట్లు జరిగినదో కొంచెము విపులముగా చెప్పెదను. కఫములో క్షయ సూక్ష్మజీవులు స్పష్టముగా కనబడిన 193 మంది రోగులను తీసికొనిరి. వీరు నగరములోని నిరుపేదలు. అందరికిని ఒకే మందులు, ఐసోనియాజిడ్, పాస్, ఒక సంవత్సరముపాటు. తేడా ఒక్కటే. సగముమంది సానటోరియమునకు పోవలెను. మిగిలిన సగము తమ ఇండ్లలోనే ఉండవలెను. ఎవరు ఎచటికి అన్నది చీటీయే నిర్ణయించును, వైద్యుడు కాదు.

మనుష్యుల ప్రాణములమీద చీట్లు వేయుదురా అని మీలో కొందరికి కోపము రావచ్చును. నాకును వైద్య కళాశాలలో మొదట వచ్చినది. ఆలోచింపుడు. వైద్యుడే ఎంపిక చేసిన ఏమగును? జాలిగల వైద్యుడు మిక్కిలి బలహీనుని సానటోరియమునకు పంపును. అప్పుడు సానటోరియములో ఎక్కువమంది చనిపోవుదురు, తప్పు సానటోరియముది కాకపోయినను. సిఫారసుగల రోగి మంచము సంపాదించును. వానికి ఇంట కూడ వసతి ఎక్కువ గనుక త్వరగా కోలుకొనును, ఘనత సానటోరియముది కాకపోయినను. రెండు విధముల నిజము మరుగునపడును. చీటీకి జాలి లేదు, సిఫారసు లేదు. ఏ చోటు మేలో లోకమున ఎవరికిని తెలియనప్పుడు, ఉన్న మంచములు అందరికిని చాలనప్పుడు, చీటీకంటె ధర్మమైన పంపకము నాకు కనబడదు. పాలు పంచుకొనునప్పుడు అన్నదమ్ములు చీట్లు వేసికొనుట మన ఊరి ఆచారమే గదా.

చీటీ వలన రెండు జట్లు సమానముగా ప్రారంభమైనవి. తరువాత వారి బ్రదుకులు సమానముగా లేవు. సానటోరియములోనివారికి పడక, విశ్రాంతి, పుష్టికరమైన భోజనము. ఇంటివారికి ఇరుకు గది, చాలీచాలని తిండి. వారిలో చాలమంది కొంచెము ఓపిక వచ్చినంతనే పనికి పోయిరి. ఇల్లాండ్రు నీళ్ళు మోసిరి, పొయ్యి ఊదిరి. వారమునకొకసారి కేంద్రమునకు వచ్చి మందు తీసికొనిపోవలెను. నర్సులు చెప్పాపెట్టక ఇంటికి వచ్చి, మిగిలిన మందు లెక్కించి, మూత్రము పరీక్షకు పట్టుకొనిపోయెడివారు. పాస్ మ్రింగినవాని మూత్రమున ఒక ద్రావకము కలిపిన రంగు మారును, మ్రింగనివానిది మారదు. మన గ్రంథపాలకులు గడువు దాటిన పుస్తకమునకై కుర్రవానిని ఇంటికి పంపుదురే, అట్టిదన్నమాట. కాకపోతే ఇచట పోవునది పుస్తకము కాదు.

సంవత్సరము గడచిన పిదప ఎక్స్‌రే చిత్రములను, ఏ రోగి ఏ జట్టువాడో ఎరుగని వైద్యునిచేత చదివించిరి. కఫమును మరల మరల పెంచి చూచిరి. ప్రారంభమున మందుకు లొంగని జీవులున్నవారిని, మరికొందరిని మినహాయింపగా లెక్కకు వచ్చినవారు 163 మంది. వారిలో సానటోరియమువారు నూటికి 92 మంది, ఇంటివారు నూటికి 86 మంది సూక్ష్మజీవులు కనబడని స్థితికి చేరిరి.

92, 86. ఆ తేడా చిన్నది. అంత కొద్దిమందిలో అంత చిన్న తేడా కాకతాళీయముగా కూడ రావచ్చునని గణాంకులు చెప్పుదురు. ఇంకొక విధముగా చూడుడు. గంజి త్రాగి, పనికి పోయి, ఇరుకు గదిలో పరున్న పేదలలో నూటికి 86 మంది! పది సంవత్సరములకు ముందు, మందు లేని రోజులలో, రాజభోగములు అనుభవించు రోగికి సయితము అట్టి ఆశ లేదు. తరువాత అయిదేండ్లవరకు ఈ రోగులను విడువక చూచిరి. రోగము తిరుగబెట్టుటలో కూడ రెండు జట్లకును చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

సానటోరియమువారు ఇంటివారికంటె చాల ఎక్కువ బరువు పెరిగిరి. అయినను సూక్ష్మజీవులు అంతకు తగినట్లు త్వరగా పోలేదు. మరియొక విశేషము. సానటోరియమునుండి మధ్యలో చెప్పి కొందరు, చెప్పక కొందరు వెడలిపోయిరి. ఇంటివారిలో అట్లు చికిత్స విడిచినవారు తక్కువ. ఇది వైద్యులకు ఆశ్చర్యమేమో గాని మీకు కాదు. చంటిబిడ్డను అత్తవారింట విడిచి వచ్చిన తల్లి ఎన్ని నెలలు పాలు, గ్రుడ్లు తినుచు పరుండగలదు?

ఇక ఇంటిల్లిపాదికి అంటుకొనునను భయము. నా దృష్టిలో ఈ పరిశోధనలో మిక్కిలి విలువైన భాగమిది. ఇరుజట్ల రోగుల కుటుంబములను, పిల్లలతో సహా, అయిదు సంవత్సరములు పరీక్షించుచు వచ్చిరి. రోగి ఇంటనే ఉన్న కుటుంబములలో, రోగిని దూరముగా పంపిన కుటుంబములలోకంటె క్షయ ఎక్కువగా పుట్టలేదు. 1966లో ఈ ఫలితము ప్రకటింపబడినది. కారణము ఇది. రోగమని తెలియకముందే, దగ్గు మొదలైన నెలలలో, అంటుకొనవలసినది అంటుకొనియే యుండును. మందు మొదలుపెట్టిన పిదప రోగి కఫములోని విషము త్వరలో తగ్గిపోవును. అనగా, ఇంటివారికి అపాయము మందు మ్రింగు రోగి వలన కాదు. ఇంకను ఎవరును పరీక్షింపని దగ్గు వలన.

నేను ఈ నివేదికను మొదట చదివినది 1972లో, వైద్య విద్యార్థిగా. కళాశాల గ్రంథాలయమున ఆ పుటలు తిరుగవేయుచుండగా పెరటిలోని గీత జ్ఞాపకము వచ్చినది. మేము ఆ గీత గీసిన సంవత్సరమున, మా ఊరినుండి రాత్రి రైలెక్కిన మరునాటి ఉదయమునకు చేరదగిన మదరాసులో, తల్లులు తమ బిడ్డలున్న ఇంటిలోనే మందు మ్రింగి కోలుకొనుచుండిరి. మాకెవరికిని తెలియదు. తెలియజేయువారును లేరు, ఫలితము తేలనిదే వారు మాత్రము ఏమని చెప్పగలరు? కాని తేలిన తరువాత కూడ మన పల్లెలకు ఆ మాట చేరుటకు ఎన్నియో ఏండ్లు పట్టినది. నేను ఉద్యోగమున చేరిన తరువాత సయితము గీతలు గీసిన ఇండ్లను చూచితిని.

క్షయ పట్టణములలోని జబ్బు అని మన పెద్దలు అనుకొనెడివారు. అదియు సరికాదు. 1955 నుండి 1958 వరకు వైద్య పరిశోధనా మండలి దేశములో కొన్ని ప్రాంతములను ఎన్నుకొని ఇంటింటి పరీక్ష జరిపినది. వానిలో హైదరాబాదు, మదనపల్లె ప్రాంతములును ఉన్నవి. పల్లెలలో కూడ క్షయ పట్టణములలో ఉన్నంత ఉన్నదని అప్పుడు తేలినది. ఈ రెండు ఫలితములు, పల్లెలో రోగమున్నది, ఇంటనే నయమగును అనునవి, కలిసినందువలననే 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమము మంచములమీద గాక ఇంటికి దగ్గరి వైద్యశాలలమీద ఆధారపడి రూపొందినది.

అంతయు సుఖాంతమే అని చెప్పిన నేను అబద్ధమాడినవాడనగుదును. మాత్ర ఇంటికి చేరుట వేరు, కడుపులోనికి చేరుట వేరు. మదరాసువారు మూత్రము పరీక్షించినది అందుకే. క్షయరోగికి రెండు నెలలకు దగ్గు తగ్గును. ఒంట ఓపిక వచ్చును. తాను బాగుపడితినని అనుకొనును. ఊపిరితిత్తిలో మాత్రము మొండిజీవులు ఇంకను దాగియుండును. నా ఉద్యోగకాలములో ఒక వడ్రంగి నావద్ద మందు తీసికొనుచుండెను. ప్రతి నెలయు తప్పక వచ్చెడివాడు. మందు పట్టుకొని పోయెడివాడు. ఆరవ నెలలో మరల రక్తము పడినది. నేను వాని ఇంటికి పోతిని. వాని భార్య బియ్యపుడబ్బా క్రిందినుండి మాత్రల పొట్లములు తీసి నా ముందు పెట్టినది. నాలుగు నెలల మందు! ‘అయ్యా, దగ్గు పోయింది గదా అని దాచిపెట్టానండి. మా తమ్ముడికి వస్తే పనికొస్తాయని’ అన్నాడతడు. వానిని కోపగించుటకు నాకు నోరు రాలేదు. తమ్ముని మీద ప్రేమ అది. నేను నెలనెలా మందు ఇచ్చితిని గాని, ఒక్కసారియు ఆ ఇంటికి పోయి చూడలేదు. తప్పు ఎవరిదని మీరడిగిన, సగము నాది.

మదరాసు కేంద్రమువారు ఈ చిక్కును ముందే గ్రహించిరి. రోజూ మ్రింగుట కష్టమైనచో, వారమునకు రెండుసార్లు ఎక్కువ మోతాదున, నర్సు కండ్లయెదుట ఈయవచ్చునా అని పరీక్షించి, ఈయవచ్చునని 1964లో చూపిరి. తరువాతి కాలమున డాట్స్ అను పేరుతో దేశదేశములలో వ్యాపించిన ప్రత్యక్ష పర్యవేక్షణ పద్ధతికి మూలములలో ఇది ఒకటి. ఆ కేంద్రమే 1978లో క్షయ పరిశోధనా కేంద్రమనియు, 2011లో జాతీయ క్షయ పరిశోధనా సంస్థ అనియు పేరు మార్చుకొని నేటికిని చెన్నైలో పనిచేయుచున్నది. పాస్ వంటి పుల్లని, కడుపు త్రిప్పు మందు సామాన్య చికిత్సనుండి తొలగిపోయినది. రిఫాంపిసిన్ వచ్చిన పిదప సంవత్సరపు చికిత్స ఆరు నెలలకు తగ్గినది. మందులు లొంగని మొండిక్షయ మాత్రము దిగులు కలిగించుచునే యున్నది. బియ్యపుడబ్బా క్రింది పొట్లములు దానికి ఒక కారణము.

మదరాసు ఫలితమును కొందరు పెడగా అర్థము చేసికొనిరి. ‘పేదవానికి మాత్ర చాలును, తిండి అక్కరలేదని తేలినది గదా’ అన్నవారిని నేను స్వయముగా విన్నాను. మదరాసువారు ఆ మాట చెప్పలేదు. మంచి మందు క్రమముగా పడినచో సూక్ష్మజీవులు చచ్చుటకు ప్రత్యేకపు భోజనము తప్పనిసరి కాదు అన్నంతవరకే వారు చూపినది. ఆకలి రోగమును పుట్టించునా లేదా అన్నది మరియొక ప్రశ్న. దానికి సమాధానము రావడానికి అరువదియేండ్లు పట్టినది. జార్ఖండ్ రాష్ట్రములో 2019 నుండి 2022 వరకు ఒక పెద్ద పరీక్ష జరిగినది. 2,800 మంది క్షయరోగుల ఇండ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులను తీసికొని, కొన్ని ప్రాంతములవారికి మాత్రము నెలనెలా బియ్యము, పప్పు, విటమిను మాత్రలు ఇచ్చిరి. రోగులకు అన్ని ప్రాంతములలోను ఆహారసహాయము అందినది. 2023లో ఫలితము వెలువడినది. తిండి అందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినది. మాత్ర రోగిని కాపాడును. పళ్ళెములోని పప్పు వాని ప్రక్కన కూర్చున్నవారిని కాపాడును. రోగికి నెలకు 500 రూపాయలు పోషకాహారముకొరకు ప్రభుత్వము 2018 నుండి ఇచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది. అది రోగి ఖాతాకు సకాలమున చేరుచున్నదా అని విచారించువారు ఊరికి ఒకరైన ఉండవలెను. ఈ పని మన గ్రంథాలయమునకు వచ్చు చదువుకొన్న యువకులు చేయదగినది.

మీకు ఉపయోగపడు సంగతి ఒకటి చెప్పి ముగించెదను. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో, సాయంకాలపు జ్వరమున్నను లేకున్నను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున కఫపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందును ఉచితము. రోగమని తేలినచో ఇంటిలోని పిల్లలను, వృద్ధులను కూడ చూపవలెను. రోగి గాలి వెలుతురు వచ్చు గదిలో పరుండి, దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనిన చాలును. పళ్ళెము వేరుచేయ బనిలేదు. ఈ జబ్బు పళ్ళెము ద్వారా రాదు, గాలి ద్వారా వచ్చును. పాక వేయవద్దు. గీత గీయవద్దు.

మా తాతగారికి వచ్చిన ఆ పోస్టుకార్డు ఆయన భారతము పర్వములలో పెట్టుకొనియుండెను. ఆ పుస్తకములతోపాటు అది నా వద్దకు వచ్చినది. రజతోత్సవ సందర్భమున పాత పత్రములను, పుస్తకములను సేకరించుచున్నామని గ్రంథపాలకులు చెప్పగా, పర్వములను, కార్డును ఈ ఉదయమే వారికి అప్పగించితిని. సిరా కొంత వెలిసినది గాని, తేదీయు, దుప్పట్ల సంగతియు చదువుటకు వీలుగనే యున్నవి. మేనత్త కుమారుడు ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చుండియున్నాడు. అది ఇచ్చుటకు ముందు వాని అనుమతి తీసికొంటిని.